ఊగని తాడు

“...మధ్యలో ముడి వేశావా? నువ్వా? నా మొహం చూసి చెప్పు. గోడ వైపు కాదు. ఇటు.”

వార్డులో పన్నెండు మంచాలున్నాయి. పదకొండు మంచాల మీద తలలు ఇటు తిరిగాయి. పన్నెండో తల మాత్రం గోడ వైపే ఉండిపోయింది. ఆ తల తమ్ముడిది. రెండు కాళ్ళకీ మోకాళ్ళ దాకా కట్లు వేసి, కింద దిండ్లు పెట్టి ఎత్తి ఉంచారు కాబట్టి పారిపోవడానికి అతనికి మిగిలింది ఆ గోడ ఒక్కటే.

అక్క కూర్చోలేదు. స్టూలు ఖాళీగానే ఉంది. భుజం మీది సంచీ కూడా దించకుండా, మంచం చివర ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. నర్సు గుమ్మం దాకా వచ్చి కాస్త నెమ్మదిగా మాట్లాడమంటే, నేను నెమ్మదిగానే మాట్లాడుతున్నానంది. అది అబద్ధం కాదు. ఇరవై ఆరేళ్ళు తాళ్ళు తెగే గదిలో పనిచేసిన మనిషికి తన గొంతు ఎంత దూరం పోతుందో తెలియదు.

“వేశాను,” అన్నాడు తమ్ముడు గోడతో. “పొడుగెక్కువైంది. పొట్టి చేద్దామని మధ్యలో ముడి వేశాను. తొందర. రాసిచ్చాను, సంతకం పెట్టాను. అయిపోయింది కదక్కా, వదిలెయ్.”

“రాసిచ్చావని నాకెవరు చెప్పారో తెలుసా? మా మేనేజరు. తమ్ముడు చెప్పలేదు, మొగుడు చెప్పలేదు, మేనేజరు చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. ‘మీవాడు నిజాయితీపరుడమ్మా, తప్పు ఒప్పుకున్నాడు’ అన్నాడు. ఆ నవ్వు తుడిచేసి రావాల్సింది, చెయ్యి రాలేదు.”

పక్క మంచం మీద ఒక ముసలి దర్జీ ఉన్నాడు. మూత్రపిండంలో రాయి. చేతిలో పేపరు ఉంది గానీ పావుగంట నుంచి పేజీ తిరగలేదు.

తమ్ముడి పని ఎత్తైన భవనాలకి బయట వేలాడుతూ అద్దాలు తుడవడం. తోటివాళ్ళు ‘బల్లి’ అంటారు. వెక్కిరించడానికి పెట్టిన పేరే, పద్నాలుగేళ్ళలో గౌరవంగా మారిపోయింది. కొత్తవాడు పనిలో చేరితే ముందు బల్లన్న దగ్గరకి పంపుతారు. బల్లన్న మొదట చెప్పే మాట ఒకటే: వేలాడే తాడు మధ్యలో ముడి వేయకండిరా. ముడి దగ్గర పోగులు మడతపడి ఒకదాన్నొకటి నొక్కుకుని, మోయాల్సిన బరువులో సగానికే చేతులెత్తేస్తాయి. ఈ మాట వందమందికి చెప్పినవాడు, తనే మధ్యలో ముడి వేశానని కాగితం మీద రాసిచ్చాడు. ఈత నేర్పేవాడు చేతులు కట్టేసుకుని నీళ్ళలో దూకానని రాసిచ్చినట్టుంది.

సోమవారం విచారణ. తప్పు ముడిదే అని ఖాయమైతే ఎత్తుల మీద పనిచేయనిచ్చే అతని కార్డు లాక్కుంటారు. కాళ్ళు అతుక్కున్నా సరే, ఇక జన్మలో గోడెక్కనివ్వరు. అది తెలిసే సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అక్కకి తెలుసు. అందుకే అంత కోపం.

తెగిన ఆ తాడు ఇచ్చింది అక్కే.

*

అక్క ఉద్యోగం తెంపడం. చిన్న పిల్లలకి చెప్పినా నవ్వుతారు, కానీ అదే నిజం. తాళ్ళ ఫ్యాక్టరీలో చివరి గది ఆవిడది. గదంతా ఒకటే పొడుగాటి ఇనుప బల్ల. ఒక చివర కదలని కొక్కెం, రెండో చివర నూనె ఒత్తిడితో వెనక్కి జరిగే కొక్కెం, గోడ మీద గడియారమంత అద్దంలో ఒక ముల్లు. తాడు ముక్క తగిలించాలి, వల తలుపు మూయాలి, లాగాలి, తెగినప్పుడు ముల్లు ఎక్కడుందో రాయాలి, కొసలు చెత్తలో వేయాలి. పంతొమ్మిదేళ్ళప్పుడు చేరింది. మొదటి తాడు తెగిన చప్పుడుకి నేల మీద కూలబడిపోయింది. అందరూ నవ్వారు. వారం తిరక్కుండానే ‘తెంపులమ్మ’ అని పేరు పెట్టేశారు. బస్సు నడిపే బావ మెతక మనిషి. ఆవిడ తెంపుతుంది, నేను అతికిస్తాను, అలా నడుస్తోంది కాపురం అంటాడు ఎవరడిగినా.

ఆ గదిలో ఆవిడకి ముందు పనిచేసినవాళ్ళంతా కొసలు పారేశారు. ఆవిడ పారేయలేదు. ఒకే చుట్టలోంచి కోసిన రెండు ముక్కలు రెండు వేరు వేరు అంకెల దగ్గర ఎందుకు తెగుతున్నాయని ఇంజనీర్లని అడిగింది. సరాసరి తీసి రాస్తాం కదమ్మా, నీకెందుకు అన్నారు. ఆ జవాబు ఆవిడకి మింగుడు పడలేదు. గడియారాలు బాగుచేసేవాడి దగ్గర ఒక భూతద్దం కొంది. తర్వాత పై అంతస్తులో పాతదని మూలన పడేసిన మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుంది. మధ్యాహ్నం అందరూ తింటున్న వేళ తెగిన పోగుల కొసలు చూస్తూ కూర్చునేది. చూసినవాటిని అగ్గిపెట్టెల్లో దాచి, పైన పెన్సిలుతో రాసుకునేది.

నైలాన్ పోగంటే కరిగించిన ముద్దని సన్నటి రంధ్రాల్లోంచి తోసి, ఆ దారాన్ని నాలుగైదు రెట్లు సాగదీసింది. సాగదీయడంలోనే దాని బలమంతా ఉంది. లోపల కంటికి కనపడని పొడుగాటి గొలుసులు నిద్రలేచిన జుట్టులా చిక్కుపడి ఉంటాయి. సాగదీస్తే దువ్వినట్టు ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. కాలేజీల్లో దీన్ని బోర్డు మీద ఒక గీత గీసి, పరీక్షలో వచ్చేంత వరకే చెప్పి, తుడిచేసి పోతారు. తెగేటప్పుడు లోపల ఏం జరుగుతుందని అడిగితే సిలబస్‌లో లేదంటారు. అక్కని అడిగితే వేరేలా చెప్పేది.

“నలుగురు బీరువా మోస్తున్నారనుకోరా. చూసేవాడికి అందరూ సమానంగానే మోస్తున్నట్టుంటుంది. కాదు. బిగువుగా నిలబడ్డవాడి మీదే బరువంతా. మిగతా ముగ్గురూ ఊరికే చెయ్యి ఆనించి నడుస్తుంటారు. ముందు తెగేది ఆ బిగువు గొలుసే. అది తెగగానే బరువు పక్కదాని మీద పడుతుంది. బీరువా మాత్రం కింద పడదు. అందుకే బయటివాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది.”

తమ్ముడికి ఇవన్నీ చిన్నప్పటి నుంచీ తెలుసు. ముళ్ళు నేర్చుకుంది కూడా అక్క తెచ్చిన పనికిరాని ముక్కల మీదే, ఇంట్లో కిటికీ కమ్మీలకి కట్టి. అగ్గిపెట్టెలు కూడా చూశాడు. నెమ్మదిగా లాగితే తెగిన పోగుకి ఒక పక్క చిన్న గాటు పడుతుంది. అది నోరు తెరిచినట్టు వెడల్పై, ఇంక మోయలేనప్పుడు మిగతా సగం ఒక్కసారిగా చిరుగుతుంది. కొసన సగం నున్నగా, సగం గరుకుగా ఉంటుంది. ఒక్క కుదుపుతో తెంపితే ఆ వేడికి కొస కరిగి పుట్టగొడుగులా ఉబ్బుతుంది. ఎండలో ఏళ్ళ తరబడి పడి ఉన్నది సుద్దముక్క విరిగినట్టు విరుగుతుంది. ముడి దగ్గర తెగినది నలిగి, మెలికపడి, పక్క పోగుకి అతుక్కుపోయి ఉంటుంది.

అయిదో పెట్టెలో చాలా కొద్ది పోగులుండేవి. అన్నీ క్రేన్ల మీద ఏళ్ళు పనిచేసి వచ్చిన తాళ్ళవి. వాటికి తోకలుంటాయి. లాగి, పూర్తిగా వదిలేసి, మళ్ళీ లాగి, మళ్ళీ వదిలేసి, అలా వేలసార్లు చేస్తే చీలిక అడ్డంగా పోదు, నిలువుగా పోతుంది. దువ్విన జుట్టుని పక్కకి పట్టి ఉంచేది ఏముంది? పాయలు విడిపోయినట్టు పోగు తన పొడుగునా చీలుతూ, సన్నబడుతూ, ఒక రోజు అసలు బరువే కాని బరువుకి తెగుతుంది. ఒక కొసన పొడుగాటి తోక, రెండో కొసన తోలు ఒలిచినట్టు గాడి. పెట్టె మీద ‘విసుగు చావు’ అని రాసింది అక్క.

అంటే ఆవిడకి తెలుసు. ఈ కథలో మండిపోయే సంగతి ఇదే. తెలియని మనిషి చేసిన తప్పు కాదిది.

*

ఆరేళ్ళ కిందట కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన మంచి హుషారైన మనిషి, నోరు తెరిస్తే నమ్మకం అన్న మాట. ఫ్యాక్టరీ చూడడానికి బయటివాళ్ళు వచ్చినప్పుడల్లా తెంపుల గదికి తీసుకొచ్చేవాడు. అయితే తాడు తెగితే వాళ్ళు అదిరిపడుతున్నారు. తాడు ఎంత బలమైనదో చూపిద్దామని తీసుకొస్తే చివరికి తెగిన తాడు గుర్తుపెట్టుకుని పోతున్నారు. ఇలా కాదని ఆయనో ఉపాయం కనిపెట్టాడు. నీలం చారల నైలాన్ తాడు, ముప్పై అడుగుల ముక్క, రెండు కొసలకీ కొక్కేనికి తగిలించే కళ్ళు అల్లినది ఒకటి ఎంచి పక్కన పెట్టించాడు. దాన్ని తెంపకూడదు. తెగే అంకెకి ముప్పావు దాకా లాగాలి, టక్కున సున్నాకి వదిలెయ్యాలి. అలా అయిదుసార్లు. వచ్చినవాళ్ళు పైకి లెక్కపెడతారు, అయిదోసారి చప్పట్లు కొడతారు.

ఆ తాడుకి గదిలోవాళ్ళు ‘పెద్దాయన’ అని పేరు పెట్టారు. ఈ రోజు పెద్దాయనకి చుట్టాలొస్తున్నారు, నేల తుడవండి అనేవాళ్ళు. వారానికి మూడుసార్లు, ఒక్కోవారం నాలుగుసార్లు చుట్టాలొచ్చేవాళ్ళు. పెద్దాయన ఒక్కసారీ తలవంచలేదు. ముల్లు ప్రతిసారీ అదే అంకె దాకా పోయేది.

ఎందుకు పోదు? ముల్లు అక్కడికి చేరేదాకా లాగడమే కదా వీళ్ళ పని. చేరేదాకా లాగి, చేరిందని చప్పట్లు. ఇంత తెలివైన పరీక్ష ఇంకెక్కడా ఉండదు.

ముల్లు చెప్పనిది బల్ల చెప్పింది. రెండో ఏడు పెద్దాయన పొడుగయ్యాడు. ముల్లు ఆ అంకె చేరక ముందే కొక్కెం బల్ల చివరి దాకా జరిగిపోతోంది. అక్క కదలని కొక్కెం పిన్ను తీసి ఒక రంధ్రం వెనక్కి వేసింది. పెద్దాయన ఒళ్ళు సర్దుకుంటున్నాడు అని నవ్వారు, అక్క కూడా నవ్వింది. నాలుగో ఏడు ఇంకో రంధ్రం. అయిదో ఏడు ఇంకోటి. తాడు ముట్టుకుంటే బిర్రుగా, కర్రలా తయారైంది. కుదురుకున్నాడన్నారు. బల్లకి నాలుగో రంధ్రం లేదు. ఇంక వెనక్కి జరపడానికి లేనప్పుడు, పెద్దాయనని ముక్కలు చేసి పారేసి కొత్త తాడు పెట్టమన్నాడు మేనేజరు.

ఆ గదిలో వాడిన తాడు దేన్నయినా మూరెడు ముక్కలుగా కోసెయ్యాలి. అది రూలు. ఇరవై ఆరేళ్ళలో అక్క ఒక్కసారి తప్పింది. చెయ్యి రాలేదు. ఇంతమంది ముందు ఇన్నిసార్లు నిలబడ్డ తాడు, దీనికంటే నమ్మకమైనది ఫ్యాక్టరీ మొత్తంలో ఏముంది అనుకుంది. తమ్ముడేమో రెండేళ్ళుగా ఒకటే పోరు. పైకప్పు మీద కొక్కేనికీ, తను వేలాడే తాడుకీ మధ్య వేసే ముక్క ఊగుతోంది, పిట్టగోడ దాటి మొదటి అడుగు వేయగానే జానెడు సాగుతోంది, పద్నాలుగేళ్ళయినా ఆ జానెడు దగ్గర గుండె జారుతోంది, ఊగని ముక్క ఏదైనా ఉంటే చూడమని. పెద్దాయనని చుట్టచుట్టి సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మర్నాడు తమ్ముడు దాన్ని కట్టి, గోడ దాటి, అడుగు వేసి, పైనున్నవాడితో అరిచి చెప్పాడట, ఇది తాడు కాదురా, నేల అని.

సాగడమే నైలాన్ గుణం. సాగి, కుదుపుని మింగి, మళ్ళీ యథాస్థితికి రావడం. అది పోయిన తాడు చచ్చిన తాడు. దాన్ని చూసి ఒకరు కుదురుకుందన్నారు, ఇంకొకరు నేలన్నారు. తాళ్ళ గురించి ఏమీ తెలియనివాడైతే ఈ తప్పు చేయడు, దుకాణానికెళ్ళి కొత్తది తెచ్చుకుంటాడు. తాళ్ళతోనే బతికే ఇద్దరు కలిస్తేనే ఇలాంటిది సాధ్యం.

పద్నాలుగు నెలలు మోసింది. ఎండ, సబ్బు నీళ్ళు, ఇసుక, రోజూ నాలుగైదుసార్లు ఎక్కడం దిగడం. తొమ్మిది రోజుల కిందట, పొద్దున పది గంటలకి, నాలుగో అంతస్తు దగ్గర తమ్ముణ్ణి తాడుకి పట్టి ఉంచే పట్టీ కాస్త జారి మళ్ళీ పట్టింది. నీళ్ళ పీపాతో సహా ఒక కుదుపు. ఎప్పుడూ పడే కుదుపే. పైనున్నవాడు పెద్ద చప్పుడేమీ వినలేదన్నాడు. పాత దుప్పటి చిరిగినట్టు వినపడిందన్నాడు. నడుముకి విడిగా కట్టుకునే రెండో తాడు పట్టుకుంది గానీ, పట్టుకునేలోపు కింది అంతస్తు కిటికీ మీది సిమెంటు పలక రెండు మడమల్నీ పిండి చేసింది. రెండో తాడు ఉంది కాబట్టే గోడ వైపు తిరిగి అబద్ధం చెప్పడానికి మనిషి మిగిలాడు.

మూడో రోజు అద్దాల కంపెనీవాళ్ళూ తాళ్ళ ఫ్యాక్టరీవాళ్ళూ వచ్చి ఆ ముక్క ఎక్కడిదని అడిగారు. తమ్ముడు ఎక్కువ ఆలోచించలేదు. ఎక్కడో పాత సామాన్ల దగ్గర కొన్నానన్నాడు. మధ్యలో ముడి వేశానన్నాడు. ముడి దగ్గర తెగితే ముడి విడిపోతుంది, సాక్ష్యం ఉండదు. అందరికీ నచ్చిన మాట అది. వాళ్ళే రాసుకొచ్చి సంతకం చేయించుకున్నారు.

*

అక్క సంచీలోంచి మందుల కవరొకటి తీసింది. లోపల బెత్తెడు తాడు ముక్క. నీలం చార ఇంకా కనపడుతోంది. కొస పాత కుంచెలా చింపిరిగా ఉంది.

“విచారణకని మా గదిలోనే పెట్టారు దీన్ని, తాళం నా దగ్గరే ఉంది. కోసుకొచ్చాను. చూడు.” భూతద్దం చాపింది. తమ్ముడు చెయ్యి చాపలేదు. చూడడానికేముంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే కదా అన్నాడు.

పక్క మంచం దర్జీ పేపరు పక్కన పెట్టేశాడు. “నాకొకసారి ఇవ్వమ్మా,” అన్నాడు. అక్క ఒక్క క్షణం ఆగి, ముక్కా భూతద్దం ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ వెలుగుకి పట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. యాభై ఏళ్ళు దారంతో బతికినవాడు. మిషను మీద దారం సూది కన్నంలో ముందుకీ వెనక్కీ ఆడి ఆడి ఎక్కడ పాడవుతుందో చేతులకి తెలిసినవాడు.

“ముడి దగ్గర తెగితే నలిగి ఉంటుంది బాబూ,” అన్నాడు తమ్ముడితో, ఏదో తప్పు చేస్తున్నవాడిలా. “ఇదేమో పీచులు పీచులుగా లేచింది. తోకలున్నాయి. ఇది ముడి కాదు.”

వార్డు మొత్తం విన్నది. తమ్ముడు అప్పుడు తిప్పాడు తల. మొహం ఎర్రబడింది.

“తాతా, నీ రాయి సంగతి నువ్వు చూసుకో,” అన్నాడు. తర్వాత అక్క వైపు చూసి, మొదటిసారి గొంతు పెంచి, అన్నీ ఒక్క ఊపిరిలో అన్నాడు. తాడు గేటు దాటించినందుకు దొంగతనమంటారని తెలియదా అన్నాడు. ఇరవై ఆరేళ్ళ పని ఒక్క రోజులో ఊడబెరుకుతారని, బావ ఒక్కడి మీద ఇల్లు పడుతుందని, పైగా సొంత తమ్ముణ్ణి పడేసిందని ఊరంతా అంటుందని అన్నాడు. తన కాళ్ళు ఎలాగూ పోయాయి, ఒకరితో పోయేదానికి ఇద్దరెందుకు అన్నాడు. “నిన్ను కాపాడదామనే కదా నేను చేసింది.”

“నేనడిగానా?”

అతను మళ్ళీ గోడ వైపు తిరగబోయాడు.

“అడిగానా నిన్ను? తొమ్మిది రోజులుగా నేను ఉతికిన బట్టలు తెస్తున్నాను, నువ్వు మడత విప్పి కట్టుకుంటున్నావు. ఒక్క మాట తిట్టలేదు నన్ను. ఎందుకిచ్చావే ఆ తాడు అని ఒక్కసారి అడిగుంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు అడగలేదు. నా బదులు నువ్వే పాపం చేసినట్టు సంతకం పెట్టి, నన్ను ఆ గదిలో కూర్చోబెట్టావు. ఆ గదిలో ఇప్పుడేం జరుగుతోందో తెలుసా నీకు? బల్ల మీద కొత్త తాడుంది. దానికి ‘చిన్నాయన’ అని పేరు పెట్టారు. నిన్న పదిమంది వచ్చారు. నేనే లాగాను. అయిదుసార్లు. వాళ్ళు లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు. నేను పిన్ను వైపు చూస్తూ నిలబడ్డాను.”

తర్వాత మేనేజరు గదికి వెళ్ళిన సంగతి చెప్పింది. తాడు తనే ఇచ్చానని, మూడు రంధ్రాలు వెనక్కి జరిపింది కూడా తనేనని, ఇది ముడి కాదని నిలబడి చెప్పిందట. ఆయన కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, అంతా విన్నాడు. తమ్ముడి మీద ప్రేమ అలాగే మాట్లాడిస్తుందమ్మా అన్నాడు. వేలాడినవాడే ముడి అని రాసిచ్చాక నీ భూతద్దం మాట ఎవరు వింటారు, ఇంటికెళ్ళి రెండు రోజులు విశ్రాంతి తీసుకో అన్నాడు.

“ఆ టీ నేను తాగాను,” అంది అక్క. “అదీ నా కోపం. తాగి, కప్పు కడిగి పెట్టి వచ్చాను.”

ఎవరూ నవ్వలేదు. నర్సు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, ఈసారి నెమ్మదిగా మాట్లాడమని అనలేదు.

అక్క స్టూలు లాక్కుని అప్పుడు కూర్చుంది. గొంతు దించింది, ఆవిడ దించడం మిగతావాళ్ళ మామూలు గొంతు.

“సరే, నా సంగతి వదిలెయ్. ఒకటి చెప్పు. మీవాళ్ళు స్టోరులో తాడు ఏరుకునేటప్పుడు ఏం చూస్తారు?”

తమ్ముడు ఆవిడ వైపు చూశాడు. ఏం అడుగుతోందో సగంలోనే అర్థమైంది అతనికి.

వాడకంలోంచి తిరిగొచ్చిన తాళ్ళని ఫ్యాక్టరీ మళ్ళీ బల్ల మీద పదిసార్లు లాగి, తెగకపోతే కొసన ఇంకో ముద్ర వేసి పంపుతుంది. ఒక ముద్ర అంటే ఒకసారి పరీక్షలో నెగ్గిందని. రెండంటే రెండుసార్లు. అద్దాలు తుడిచేవాళ్ళు స్టోరులో ముద్రలు లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నదాని కోసం పోట్లాడుకుంటారు. కొత్త తాడు ఎవరికీ అక్కర్లేదు, అది ఇంకా ఏమీ రుజువు చేసుకోలేదు కదా. ఈ పద్ధతి వాళ్ళకి నేర్పిందెవరో తమ్ముడికి బాగా తెలుసు. ముద్రలు చూసి తీసుకోండిరా, తాడుకి అవే మార్కులు అని పద్నాలుగేళ్ళుగా చెప్పింది బల్లన్నే.

“నాలుగు ముద్రలకి చస్తుందని నేననను,” అంది అక్క. “నాకు తెలియదు. ఎన్నో ముద్రకి చస్తుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. చూడాలంటే ముందు ఒక తాడు ఇలా చచ్చిందని ఒప్పుకోవాలి. ముడి అని రాసేస్తే ఒప్పుకోనక్కర్లేదు. ముడి అంటే వేలాడినవాడి తప్పు. వాడినొకణ్ణి తీసేస్తే సరి, తాళ్ళన్నీ మంచివే. ఈ రోజు మీవాళ్ళు పనిలో ఉన్నారా?”

ఉన్నారు. ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల, పదకొండు అంతస్తుల ఆఫీసు. ఇదే మధ్యాహ్నం. నిన్న చూడడానికి వచ్చిన కుర్రాళ్ళలో పెద్దవాడు, తమ్ముడి తర్వాత అంత పనివాడు, నవ్వుతూ చెప్పాడు కూడా: అన్నా, నువ్వు లేవు కదా అని నీ వాటా తాడు నేనే కొట్టేశాను, అయిదు ముద్రలది.

అది గుర్తొచ్చేసరికి తమ్ముడు కట్టు కట్టిన కాళ్ళని దిండు మీంచి దించబోయాడు, ఎక్కడికి పోదామనో ఏమో. నొప్పికి పళ్ళు కొరుక్కుని ఆగిపోయాడు. అప్పుడు తిట్టాడు. మేనేజరుని తిట్టాడు, కాగితం రాసుకొచ్చినవాణ్ణి తిట్టాడు, ముద్రల్ని కనిపెట్టినవాడి ఏడుతరాల్నీ తిట్టాడు. చివరికి అక్క వైపు వేలు చూపించి, బల్లకి మూడు రంధ్రాలు జరిపినదానివి, తోకల పెట్టె దాచుకున్నదానివి, నీకు బుద్ధెక్కడికి పోయిందే అన్నాడు.

అక్క తల ఊపింది. ఆ మాట కోసం తొమ్మిది రోజులుగా కాచుకున్నట్టు, దెబ్బ తగిలిన చోట చెయ్యి వేసుకున్నట్టు, రెండుసార్లు ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు.

“ఫోను చేసి వాణ్ణి ముందు కిందకి దిగమను,” అంది. తమ్ముడు చేశాడు. అవతలివాడు ఎందుకన్నా అని మూడుసార్లు అడిగాడు, దిగరా ముందు అని మూడుసార్లు చెప్పాడు. కింద కాళ్ళు ఆనించానని వాడు అనేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు.

ఫోను పక్కన పెట్టాక అక్క సంచీలోంచి ఒక కాగితం తీసింది. తమ్ముడు సంతకం చేసిన కాగితానికి నకలు. మేనేజరు బల్ల మీది నుంచి అడక్కుండానే తెచ్చుకుంది. దర్జీ తన పేపరు మడిచి, కింద అట్టలా పెట్టుకోవడానికి అందించాడు. అక్క కాగితం దాని మీద పరిచి, తమ్ముడి ఒళ్ళో పెట్టి, వేళ్ళ మధ్య పెన్ను ఇరికించింది.

“ముడి అని ఎన్నిచోట్ల ఉందో అన్నిచోట్లా కొట్టెయ్,” అంది. “పైన నీ చేత్తో రాయి. తాడు మా అక్క ఇచ్చింది. దాన్ని ఎన్నిసార్లు లాగిందో ఆవిడనే అడగండి, అని రాయి.”